ఏ వరంగల్?

గోదావరి ఒడ్డున నూగూరు వెంకటాపురం ఉంది. 1950ల్లో అది తూర్పు గోదావరి జిల్లాలో ఉండేది. 1959లో భద్రాచలంతో పాటు ఖమ్మం జిల్లాకు వచ్చింది. 2016 అక్టోబరు 11న, దసరా నాడు, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలో చేరింది. 2019 ఫిబ్రవరి 17న ములుగు జిల్లాలోకి మారింది. ఊరు మాత్రం ఉన్నచోటనే ఉంది. ఆ ఊరికి సంబంధించిన పాత కాగితం ఒకటి కావాలంటే ఏ జిల్లాను అడగాలి? అది ఏ ఏటి కాగితమో ముందు చెప్పాలి. ఏడాది చెప్పకపోతే ప్రశ్నకే అర్థం లేదు.

ఈ అధ్యాయం సాఫ్ట్‌వేరు గురించి. పాత కోడ్ రిపాజిటరీని కొత్త వెర్షన్ కంట్రోల్ వ్యవస్థలోకి తరలించడం ఎలా, అందులో ఏది పోతుంది, ఏది పోకూడదు అన్నది విషయం. ఉదాహరణలు మాత్రం ఎక్కువగా జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి వైపు నుంచే తీసుకుంటున్నాను. గత పదేళ్లలో ఇక్కడ జిల్లాలు చీలాయి, కలిశాయి, పేర్లు మార్చుకున్నాయి. భూమి రికార్డులు ఒకటికి రెండుసార్లు కొత్త వ్యవస్థలోకి మారాయి. ప్రోగ్రామర్లు కష్టపడి నేర్చుకునే పాఠాలన్నీ ఇక్కడి రైతులకు తహసీల్దారు ఆఫీసు మెట్ల మీదే అర్థమయ్యాయి.

రిపాజిటరీ అంటే ఫైళ్లు దాచిన ఫోల్డరు అనుకుంటారు చాలామంది. ఫైళ్లు అందులో చిన్న భాగం. అసలు సరుకు చరిత్ర: ఏ పంక్తిని ఎవరు మార్చారు, ఎప్పుడు మార్చారు, ఎందుకు మార్చారు. ఒక్కో మార్పును ‘కమిట్’ అంటారు. 1972లో బెల్ ల్యాబ్స్‌లో మార్క్ రాచ్‌కైండ్ రాసిన ఎస్‌సీసీఎస్‌తో ఈ పద్ధతి మొదలైంది. 1982లో ఆర్‌సీఎస్ వచ్చింది, ఆ తర్వాత సీవీఎస్. 2004లో సబ్‌వర్షన్ 1.0 విడుదలైంది. 2005 ఏప్రిల్‌లో లైనస్ టోర్వాల్డ్స్ గిట్ రాశాడు. ఇవాళ హైదరాబాద్ హైటెక్ సిటీలో ఉద్యోగంలో చేరిన కుర్రవాడికి తెలిసినది గిట్ ఒక్కటే. కానీ బ్యాంకుల్లో, ప్రభుత్వ శాఖల్లో, పాత కంపెనీల్లో ఇప్పటికీ సబ్‌వర్షన్ మీద నడిచే కోడ్ బోలెడు ఉంది. దాన్ని గిట్‌లోకి తెమ్మని ఎవరికో ఒకరికి పని పడుతూనే ఉంటుంది.

ఆ పని చేయడానికి దగ్గరి దారి ఒకటుంది. ఇవాళ్టి ఫైళ్లన్నీ కాపీ చేసి, కొత్త రిపాజిటరీలో పెట్టి, ‘మొదటి కమిట్’ అని రాసేయడం. ఒక పూటలో అయిపోతుంది. మర్నాడు పొద్దున ప్రోగ్రాములన్నీ ఎప్పటిలాగే నడుస్తాయి, ఎవరికీ తేడా తెలియదు. తేడా తెలిసేది ఏ ఆరు నెలలకో, ఒక లెక్క తప్పు వచ్చినప్పుడు. ఫలానా పంక్తిలో ఈ విచిత్రమైన షరతు ఎందుకు పెట్టారని వెతికితే ప్రతి పంక్తికీ ఒకే పేరు, ఒకే తేదీ కనిపిస్తాయి: తరలించిన మనిషి పేరు, తరలించిన రోజు.

తెలంగాణలో భూమి తగాదా పట్టుకుని లాయరు దగ్గరికి వెళ్తే ముందుగా పడే ప్రశ్నల్లో ఒకటి, ఖాస్రా పహాణీలో ఎవరి పేరుంది అని. ఖాస్రా పహాణీ 1954-55 నాటిది. దానికి ముందు నిజాం కాలపు సర్వే రికార్డు సేత్వార్. దాని తర్వాత ఏటేటా రాసిన పహాణీలు. పట్టాదారు ఎవరు, అనుభవదారు ఎవరు, ఎంత విస్తీర్ణం, ఏ పంట వేశారు అన్నవి సర్వే నంబరు వారీగా రాసి ఉంటాయి. ఏ ఒక్క ఏటి పహాణీ చూసినా అది ఆ ఏటి బొమ్మ మాత్రమే. వరసగా పేరిస్తేనే ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో తెలుస్తుంది. విరాసత్‌లో కొడుకులకు వచ్చిందా, సాదా బైనామా మీద చేతులు మారిందా, కౌలుకు ఇచ్చినది కాలక్రమంలో వేరొకరి పేరు మీదికి వెళ్లిందా అన్నది ఆ వరసలోనే ఉంటుంది.

2017 సెప్టెంబరు 15న భూ రికార్డుల ప్రక్షాళన మొదలైంది. దాని ఫలితం మీద 2020 అక్టోబరు 29న ధరణి పోర్టల్ వచ్చింది. వేగం మాట కాదనలేం. రిజిస్ట్రేషన్, మ్యుటేషన్ ఒకే ఆఫీసులో ఒకే పూట అయిపోయేవి. కానీ అనుభవదారు గడి తీసేశారు. ఆ గడిలో పేరున్నవాళ్లలో చాలామంది కౌలుదార్లు, తెల్ల కాగితం మీద కొనుక్కున్నవాళ్లు. ధరణి రికార్డు అప్పటి పట్టాదారు పేరు చెప్పేది, ఆ పేరు అక్కడికి ఎలా వచ్చిందో చెప్పేది కాదు. వెర్షన్ కంట్రోల్ భాషలో ఇది ఇవాళ్టి ఫైళ్లు మాత్రం కాపీ చేసిన తరలింపు. అప్పటి ప్రభుత్వం దీన్ని రికార్డుల శుద్ధి అన్నది. ఇంజనీరు కళ్లతో చూస్తే, తగాదా వచ్చినప్పుడు అవసరపడే భాగాన్నే తీసేసిన శుద్ధి అది.

ఇదే పని లైనస్ టోర్వాల్డ్స్ కూడా చేశాడు. ఈ పోలిక చూడదగ్గది. లైనక్స్ కెర్నల్ అప్పటిదాకా బిట్‌కీపర్ అనే వాణిజ్య వ్యవస్థలో ఉండేది. ఉచిత లైసెన్సు ఆగిపోవడంతో కొన్ని రోజుల్లోనే గిట్ పుట్టింది. 2005 ఏప్రిల్ 16న కెర్నల్ కోడ్ 2.6.12 ఆర్‌సీ2 దశలో గిట్‌లోకి వచ్చింది, పాత చరిత్ర లేకుండా. మొత్తం చరిత్ర తెస్తే 3.2 గిగాబైట్లు అవుతుందని, పసిపిల్లలాంటి గిట్‌కి ఆ బరువు ఎందుకని వదిలేశాడు. ఆ మాట మొదటి కమిట్ సందేశంలోనే రాసి పెట్టాడు. అంటే ఇక్కడ చరిత్ర తెగిందని, కావాలనే తెంచామని, అది మరోచోట ఉందని ఆ రికార్డే చెబుతుంది. తర్వాత పాత చరిత్రను వేరే రిపాజిటరీగా కట్టారు. గిట్‌లో ‘గ్రాఫ్ట్’ అనే సదుపాయంతో కావాల్సినవాళ్లు ఆ రెండింటినీ అంటు కట్టుకుని ఒకే చరిత్రగా చదువుకోవచ్చు. చరిత్రను వదిలేయడం ఒక్కోసారి తప్పదు. వదిలేసినచోట గుర్తు పెట్టకపోవడమే క్షమించరానిది.

పేర్ల సంగతికి వద్దాం. ఇక్కడే మన జిల్లాలు పుస్తకాలకన్నా బాగా చెబుతాయి.

2016 దసరా వరకు వరంగల్ ఒకటే జిల్లా. ఆ రోజు అది వరంగల్ అర్బన్, వరంగల్ రూరల్, జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లిగా విడిపోయింది. పైపైన చూస్తే ఒక కాండం, అయిదు కొమ్మలు. లోపలికి వెళ్తే అంత సులువు కాదు. చేర్యాల, మద్దూరు, కొమురవెల్లి వరంగల్ నుంచి సిద్దిపేటకు పోయాయి. గార్ల, బయ్యారం ఖమ్మం నుంచి మహబూబాబాద్‌కు వచ్చాయి. కాటారం, మహదేవపూర్ కరీంనగర్ నుంచి భూపాలపల్లికి వచ్చాయి, వాజేడు, వెంకటాపురం ఖమ్మం నుంచి. నల్లగొండలోని గుండాల మొదట జనగామలో కలిసింది, తర్వాత యాదాద్రి భువనగిరికి మారింది. కనుక భూపాలపల్లికి తల్లి జిల్లా ఏదంటే ఒక్క పేరు చెప్పలేం. వరంగల్, కరీంనగర్, ఖమ్మం మూడూ చెప్పాలి.

గిట్‌లో ఒక కమిట్‌కి ఇద్దరు తల్లిదండ్రులు ఉండొచ్చు. అవసరమైతే ముగ్గురు, నలుగురు కూడా. అలాంటిదానికి ప్రోగ్రామర్లు ‘ఆక్టోపస్ మెర్జ్’ అని పేరు పెట్టుకున్నారు. భూపాలపల్లి అచ్చంగా అదే. సబ్‌వర్షన్‌లో ఈ బంధుత్వం రాసుకునే వీలు 2008లో 1.5 వెర్షన్ వచ్చేదాకా లేదు. అంతకుముందు ఒక బ్రాంచ్‌లో, అంటే ప్రధాన కోడ్ పక్కనే విడిగా నడిపే శాఖలో, ఆరు నెలలు చేసిన పని ప్రధాన శాఖలో కలిపితే, చరిత్రలో అది ఒకే ఒక్క పెద్ద కమిట్‌గా కనబడుతుంది. ఎక్కడి నుంచి వచ్చిందో సందేశంలో ఎవరైనా రాసి ఉంటే రాసినట్టు, లేకపోతే లేదు. తరలించే ఇంజనీరు ఆ సందేశాలు ఒక్కొక్కటే చదివి, ఇది ఫలానా బ్రాంచ్ నుంచి వచ్చిందని ఊహించి, తల్లి గీత చేత్తో గీయాలి. సీవీఎస్ ఇంకా అధ్వానం. అందులో ప్రతి ఫైలుకీ దాని సొంత నంబరే: 1.1, 1.2, 1.3. పది ఫైళ్లలో ఒకేసారి చేసిన మార్పుకు ఉమ్మడి గుర్తు ఏదీ ఉండదు. సీవీఎస్ నుంచి తరలించే సాధనాలు ఏం చేస్తాయంటే, ఒకే మనిషి, ఒకే సందేశం, కొన్ని నిమిషాల తేడా ఉన్న మార్పులన్నీ ఏరి, ఇవన్నీ ఒక్క పనే అయి ఉండాలని తేలుస్తాయి. అది పురావస్తు తవ్వకం లాంటి అంచనా. చాలాసార్లు నిజమే అవుతుంది.

పేర్లలో అన్నిటికన్నా ప్రమాదకరమైనది ఒకే పేరు మరో వస్తువుకు పెట్టడం. 2021 ఆగస్టులో వరంగల్ అర్బన్ జిల్లా హనుమకొండ అయింది. వరంగల్ రూరల్, కొన్ని సరిహద్దు మార్పులతో, వరంగల్ అయింది. ఇక పట్టికలు పెట్టుకుని చూడండి. 2011 జనగణనలో వరంగల్ జిల్లా జనాభా 35 లక్షలకు పైన. అదే పేరున్న నేటి జిల్లా అందులో చిన్న ముక్క. ‘వరంగల్’ అనే పేరును పట్టుకుని రెండు పట్టికలు కలిపితే, పదేళ్లలో లక్షలాది జనం మాయమైనట్టు తేలుతుంది. కంప్యూటరు తప్పు చెప్పలేదు, అడిగినదే చెప్పింది. 2011 వరంగల్, 2018లో ఎవరైనా అలవాటుగా రాసిన వరంగల్, 2022 వరంగల్ మూడూ వేర్వేరు.

గిట్ ఈ చిక్కును మొదటే ఊహించింది. అందులో బ్రాంచ్ పేరు కేవలం అంటించిన చీటీ. దాన్ని పీకి మరోచోట అంటించినా ఏమీ చెడదు. అసలు గుర్తింపు వేరే ఉంటుంది: కమిట్‌లోని విషయం, రచయిత, సమయం, దాని ముందున్న కమిట్ గుర్తింపు, అన్నీ కలిపి ఎస్‌హెచ్‌ఏ-1 అనే సూత్రంతో తీసిన 40 అక్షరాల హ్యాష్. సబ్‌వర్షన్‌లో వరస నంబర్లే ఉండేవి. అవి నోటితో చెప్పుకోవడానికి సుఖం. ‘4312లో చెకిన్ చేశాను చూడు’ అంటే సరిపోయేది. హ్యాష్‌ని అలా చెప్పలేం. అయితే ఆ సుఖం వదులుకున్నందుకు దక్కేది గొప్పది. ముందున్న కమిట్ గుర్తింపు తర్వాతి దాని లెక్కలో కలుస్తుంది కాబట్టి, పాతికేళ్ల కిందటి ఒక్క అక్షరం దిద్దినా అక్కడి నుంచి నేటిదాకా ఉన్న గుర్తింపులన్నీ మారిపోతాయి. ఎవరూ చాటుగా దిద్దలేరు. సర్వే నంబరు 125కు బై నంబర్లు పడి 125/అ, 125/ఆ అయినప్పుడు, మళ్లీ అవి చీలినప్పుడు, మధ్యలో ఒక లింకు ఎవరైనా మార్చినా కాగితంలో కనబడదు. భూమి ముక్కలకు 14 అక్షరాంకెల ‘భూ ఆధార్’ గుర్తు ఇవ్వాలన్న ఆలోచన వెనుక ఉన్న కోరిక కూడా ఇదే: పేరు మారినా, చేతులు మారినా గుర్తింపు మారకూడదని.

హ్యాష్ కఠినత్వం వల్ల తరలింపుకు ఒక షరతు వస్తుంది. దిద్దుబాట్లన్నీ తరలించేలోపే చేసుకోవాలి. అందరూ కొత్త రిపాజిటరీని తమ కంప్యూటర్లలోకి దించుకున్నాక, అయ్యో రచయితల పేర్లు తప్పుపడ్డాయే అంటే, సరిచేయడమంటే చరిత్ర మొత్తం మళ్లీ రాయడం. అప్పటికే దించుకున్నవాళ్ల కాపీలన్నీ పనికిరాకుండా పోతాయి.

రచయితల పేర్ల పని పైకి చిన్నది, చేసేటప్పుడు పెద్దది. సబ్‌వర్షన్‌లో ఉండేది పొట్టి లాగిన్ పేరు. గిట్‌కి పూర్తి పేరు, ఈమెయిల్ కావాలి. దాని కోసం ఒక పట్టిక తయారుచేస్తారు: ఎడమవైపు పాత లాగిన్, కుడివైపు మనిషి. 2006లో ‘కొమురయ్య’ లాగిన్ వాడిన మనిషి 2009లో వెళ్లిపోయి, 2012లో అదే లాగిన్ వేరే కొమురయ్యకు ఇచ్చి ఉంటే? కొమురవెల్లి మల్లన్న పేరు, మేడారం సమ్మక్క పేరు ఇంటింటా పెట్టుకునే ఈ ప్రాంతంలో ఒక ఊరి రికార్డులో ముగ్గురు కొమురయ్యలు, నలుగురు సమ్మయ్యలు ఉండటం వింత కాదు. పహాణీ అందుకే తండ్రి పేరు కూడా రాసుకుంది. 2017 ప్రక్షాళనలో ఖాతాలకు ఆధార్ జోడించారు. ప్రోగ్రామర్లు తేదీల హద్దు పెట్టుకుంటారు: ఫలానా రోజు వరకు ఈ మనిషి, ఆ తర్వాత ఆ మనిషి. ఈ పట్టిక పూర్తిచేయడానికి ఏ సాధనమూ సాయపడదు. ఆఫీసులో పాత మనుషుల్ని కూర్చోబెట్టి అడగాల్సిందే. 2020 సెప్టెంబరులో వీఆర్వో పోస్టులు రద్దైనప్పుడు పోయినది జీతాల పద్దు ఒక్కటే కాదు, ఏ సమ్మయ్య ఎవరి కొడుకో తెలిసిన మనుషులు కూడా ఆఫీసుల్లోంచి వెళ్లిపోయారు.

లిపి సంగతి మనకే ప్రత్యేకం. వరంగల్ సీమ నిజాం రాజ్యంలో ఉన్నప్పుడు రికార్డులు ఉర్దూలో రాసేవారు. అవి చదవగలిగేవాళ్లు ఏటికేడు తగ్గుతున్నారు. కంప్యూటర్లు వచ్చాక తెలుగు కొన్నాళ్లు ఇస్కీలో, కొన్నాళ్లు ఫాంటుకో తీరుగా, చివరికి యూనికోడ్‌లో రాశారు. పాత కోడ్‌లో తెలుగు వ్యాఖ్యలు, కమిట్ సందేశాలు ఉంటే అవి ఏ ఎన్‌కోడింగులో ఉన్నాయో ముందే తేల్చుకోవాలి. తేల్చకుండా తరలిస్తే చెత్త అక్షరాలే హ్యాష్‌లోకి వెళ్లి శాశ్వతమవుతాయి. యూనికోడ్‌లో ఉన్నంత మాత్రాన గండం గడిచినట్టు కాదు. ‘మైలారం’ అనే ఊరి పేరు ఫైలు పేరుగా ఉందనుకోండి. అందులోని ఐత్వాన్ని యూనికోడ్ రెండు తీర్ల రాయనిస్తుంది: ఒకే గుర్తుగా, లేదా ఎత్వం, దాని కింద ఐత్వపు గీత అని రెండు ముక్కలుగా. తెర మీద రెండూ ఒకటే. బైట్లు వేరు. మ్యాక్ కంప్యూటర్ల పాత ఫైల్ వ్యవస్థ పేర్లను విడదీసి దాచేది, లైనక్స్ ఇచ్చింది ఇచ్చినట్టు దాస్తుంది. ఫలితంగా ఒకే మైలారం రెండు ఫైళ్లుగా కనబడి, ఒకటి కొత్తగా వచ్చిందని, ఇంకొకటి ఎవరో తీసేశారని గిట్ చెబుతుంది. ఈ తగువు తీర్చడానికే గిట్‌లో ఒక సెట్టింగు పెట్టాల్సి వచ్చింది.

మిగతా తేడాలు చిన్నవి. గిట్ ఖాళీ ఫోల్డర్లను గుర్తుంచుకోదు. సబ్‌వర్షన్ ఫైళ్లలో తనంతట తాను నింపే తేదీ, నంబరు గిట్ నింపదు. ట్యాగుల, అంటే విడుదలైన వెర్షన్లకు వేసే గుర్తుల, విషయం మాత్రం కాస్త ఆగి చూడాలి. సబ్‌వర్షన్‌లో ట్యాగ్ అంటే మామూలు ఫోల్డరు కాపీయే, కాబట్టి విడుదలైన వెర్షన్ అని ట్యాగ్ వేశాక కూడా ఎవరో ఒకరు అందులో దిద్దుబాటు చేసి ఉంటారు. గుండాలను జనగామలో పెట్టి మళ్లీ తీసినట్టు. దాన్ని గిట్‌లో ట్యాగ్‌గా తేవాలా, బ్రాంచ్‌గా తేవాలా? నా ఓటు రెండూ ఉంచమనే. మొదట వేసినచోట ఒక ట్యాగ్, దిద్దినచోట మరొకటి. పాతవాళ్ల తప్పుల్ని చరిత్రలోంచి చెరిపేయడానికి మనకు హక్కు లేదు, తప్పులతో సహా జరిగినదే చరిత్ర.

ఎంత పెద్ద ప్రాజెక్టుకైనా ఈ తలనొప్పి తప్పలేదు. జీసీసీ కంపైలర్ 2005లో సీవీఎస్ నుంచి సబ్‌వర్షన్‌కి, 2020 జనవరిలో సబ్‌వర్షన్ నుంచి గిట్‌కి మారింది. ఈ రెండో మార్పుకు వాడిన, ఎరిక్ రేమండ్ రాసిన రిపోసర్జన్ అనే సాధనం మొదట పైథాన్‌లో ఉండేది. జీసీసీ చరిత్ర బరువుకు అది ఎంతకీ తెమలకపోతే, సాధనాన్నే గో భాషలోకి తిరగరాశారు. 2019లో గిట్‌కి మారిన ఎల్‌ఎల్‌వీఎం కంపైలర్ వాళ్లు ఒక మంచి పని చేశారు. ప్రతి కమిట్ సందేశం చివర పాత సబ్‌వర్షన్ నంబరు రాసి ఉంచారు. పదిహేనేళ్ల కిందటి బగ్ నివేదికలో ఒక సబ్‌వర్షన్ నంబరు చూసి వచ్చినవాడికి ఇవాళ్టి కమిట్ దొరుకుతుంది. బండ్ల నంబర్లలోనూ ఇదే పద్ధతి. ఎవరి బండి మీదనైనా టీఎస్ 27 అని జనగామ నంబరు చూడండి. 2024 మార్చి నుంచి కొత్త బండ్లకు టీజీ వచ్చింది, పాత బండ్ల టీఎస్ అలాగే ఉంది. పాత చలాన్లు, పాత ఇన్సూరెన్సు కాగితాలు దాని మీదే ఉన్నాయి మరి.

తరలింపులో లెక్క కలవని వాటిని ఏం చేయాలి? 2017 ప్రక్షాళనలో వివాదం లేని భూములు పార్ట్-ఎ, వివాదం ఉన్నవి పార్ట్-బి అని విడదీశారు. ఇంజనీరుగా చెబితే ఆ నిర్ణయం సరైనదే. తేలనిదాన్ని తేలినట్టు కలపకూడదు. తప్పు ఎక్కడంటే, పక్కన పెట్టినవాటికి తేదీ, బాధ్యుడు, అప్పీలు దారి లేకపోవడం. ధరణికి ఆధారమైన 2020 చట్టం రెవెన్యూ కోర్టుల్ని కూడా తీసేసింది. 2025 ఏప్రిల్ 14న అమల్లోకి వచ్చిన భూ భారతి చట్టం ఆర్డీవో, కలెక్టర్ స్థాయిలో అప్పీళ్లు తిరిగి తెచ్చింది. దాని ప్రయోగానికి ఎంచుకున్న నాలుగు మండలాల్లో ఒకటి రామప్ప గుడి ఉన్న వెంకటాపూర్. అది ఇప్పుడు ములుగులో ఉంది, 2019 దాకా భూపాలపల్లిలో ఉండేది. పేరు దగ్గరగా ఉందని దీన్ని మొదట చెప్పిన నూగూరు వెంకటాపురంతో కలిపారో, ఏ పట్టికైనా బోర్లా పడుతుంది.

తరలించే రోజుకు ముందు కొంతకాలం అందరూ చేతులు కట్టుకుని కూర్చోవాలి. పాతదానిలో కొత్త మార్పులు పడుతూ ఉంటే లెక్క ఎన్నటికీ తేలదు. 2020 సెప్టెంబరు 8 నుంచి తెలంగాణలో రిజిస్ట్రేషన్లు ఆపేసి, సాగు భూములకు నవంబరు 2న మళ్లీ మొదలుపెట్టారు. కోడ్‌కైతే శుక్రవారం సాయంత్రం నుంచి సోమవారం పొద్దుటి దాకా చాలు, అది కూడా తరలింపును ముందే పదిసార్లు ఉత్తుత్తిగా నడిపి చూసుకున్నవాళ్లకు.

చివరిది సరిచూడటం. ప్రతి ట్యాగ్ దగ్గరా పాత రిపాజిటరీ ఫైళ్లూ కొత్తదాని ఫైళ్లూ దించి, బైటు బైటు పోల్చాలి. కమిట్ల సంఖ్య సరిపోయిందని తృప్తి పడితే చాలదు. రెవెన్యూలో దీనికి సాటి లెక్క ఎప్పటి నుంచో ఉంది: ఒక సర్వే నంబరు కింద ఉన్న బై నంబర్ల విస్తీర్ణం అంతా కూడితే సేత్వార్‌లో రాసిన మొత్తం ఎకరాలు, గుంటలు రావాలి. ఎక్కువ వస్తే, లేని భూమికి ఎవరికో పాస్‌బుక్ ఇచ్చినట్టే. ఆర్‌ఎస్‌ఆర్ తేడా అని ఆఫీసుల చుట్టూ తిరిగే రైతులు చెప్పేది దీని గురించే. ఆ కూడిక ఒక్కటి తరలించిన రోజే ఊరూరా వేసి చూసి ఉంటే, తర్వాత ఆ గుంటల కోసం తిరిగే పని కొంతైనా తగ్గేది.

పాత సర్వర్‌ను మాత్రం మూసేయకూడదు. రాసే హక్కు తీసేసి, చదివే హక్కు ఉంచి, పాత నంబరు నుంచి కొత్త హ్యాష్‌కు దారి చూపే పట్టికను పక్కన పెట్టాలి. ఎన్నాళ్లని ఖర్చులు చూసే మేనేజరు అడుగుతాడు, అడగడం అతని ఉద్యోగం. రెండేళ్లని, మూడేళ్లని ఏదో ఒకటి రాసి ఇస్తారు. 1954-55 ఖాస్రా పహాణీ నకలు కావాలని ఇవాళ కూడా దరఖాస్తు పెట్టుకుంటున్నారు.